బొంబాయి గది - పగిలిన గోడ

బీర్కూరు, బాన్సువాడ వైపు వారికి బొంబాయి బొత్తిగా పరాయి ఊరేమీ కాదు. కామాఠిపుర అన్న పేరే పూర్వం అక్కడ కూలిపనికి కుదిరిన తెలుగువారి మూలంగా వచ్చింది. తెలంగాణా పద్మశాలీలు మిల్లుల పక్కన చాళ్ళలో కాపురాలు పెట్టారు. 1920 దశకంలో కట్టిన బి.డి.డి. చాళ్ళలో గది 160 చదరపుటడుగులు. వంటా, పడకా, వచ్చిన చుట్టాలూ అన్నీ అందులోనే!

ఏటా వానలకు ముందు అధికారులు పాత భవనాలను చూసి, ప్రమాదకరమైన వాటి జాబితా ప్రకటిస్తారు. ముప్పయ్యేళ్ళు దాటిన భవనానికి ఇంజనీరు పరీక్ష తప్పనిసరి. గోడను తడితే డొల్లమోత వస్తున్నదా, ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులూడుతున్నాయా, దూలం గోడలో దిగినచోట చివికిందా, పాయిఖానా కింద చెమ్మ ఉన్నదా - చూడవలసినవి ఇవే.

కాని ఇంటివాళ్ళు ఆ పగులుమీద సున్నం పూసి, పైన క్యాలెండరు తగిలిస్తారు! గోడ పడుతుందన్న భయంకంటె గది పోతుందన్న భయం పెద్దది మరి. 2017 ఆగస్టులో భేండీ బజారులో కూలి 33 మందిని పొట్టపెట్టుకొన్నది, ముందే ప్రమాదకరమని తేల్చిన భవనమే.

మీవారెవరైనా అక్కడ పాత గదిలో ఉంటే, పగులు దాచవద్దని చెప్పండి. సర్వేనాడు ఇంట్లోనే ఉండి, పేరూ, గది కొలతా సరిగా ఎక్కాయో లేదో చూసుకోమనండి. కొత్త ఇల్లు ఎన్నాళ్ళకు, అంతవరకు అద్దె ఎవరిస్తారు అన్నది వ్రాతలో తీసుకోమనండి. వర్లీ చాళ్ళవారిలో కొందరికి 2025 ఆగస్టులో 500 చదరపుటడుగుల ఇళ్ళ తాళాలు అందాయి. కాగితాలు పెట్టెలో భద్రంగా ఉంటే, గోడను గురించి నిజం చెప్పడానికి జంకనక్కరలేదు.