నాలుగు స్టేషన్లు, ఒక ఆటో

మొన్న ఒక పెళ్లిలో, విస్తట్లో పప్పు పడకముందే పక్కన కూర్చున్న పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు: "చర్లపల్లి వచ్చేసింది కదండీ, హైదరాబాద్‌కు రైళ్ల బాధ తీరినట్టే." 2025 జనవరిలో ఆ టెర్మినల్ తెరిచినప్పటి నుంచీ ఎవరి నోట విన్నా ఇదే పాట. తీరితే సికింద్రాబాద్ ప్లాట్‌ఫారాల బాధ కొంత తీరిందేమో. నెత్తిన మూట పెట్టుకున్నవాడి బాధ స్టేషన్ బయట కదా మొదలయ్యేది!

కిందటేడు వేసవిలో మా అమ్మను వరంగల్ నుంచి కర్నూలు తీసుకెళ్లాను. దిగింది సికింద్రాబాద్‌లో, ఎక్కాల్సింది కాచిగూడలో. రెండు సంచులు, ఒక ఆవకాయ జాడీ, అమ్మ మోకాళ్లు. ఆటో అతను మీటరు మీద తువ్వాలు కప్పి "నాలుగొందలు" అన్నాడు. నాకు బేరమాడే తీరిక లేదని నాకంటే ముందే అతనికి తెలుసు. గతుకు గతుక్కీ ఆవకాయ నూనె నా చొక్కా మీదికి.

నాంపల్లి స్టేషన్ 1907 నాటిది, కాచిగూడ 1916 నాటిది. కాచిగూడ గుమ్మటాలు నాకు ఇప్పటికీ ముచ్చటే, అది వేరే సంగతి. నాంపల్లిలో పట్టాలు గోడ దగ్గర ఆగిపోతాయి. అక్కణ్నుంచి తూర్పుగా నాలుగైదు కిలోమీటర్లు పోతే కాచిగూడ. అదే రైల్లో పోవాలంటే హుస్సేన్‌సాగర్ పక్కనుంచి సికింద్రాబాద్ దాకా ఎక్కి, మళ్లీ సీతాఫల్‌మండి, విద్యానగర్ మీదుగా దిగిరావాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే.

మెట్రో ఉందిగా అంటారు. కాచిగూడకు లేదు, చర్లపల్లికీ లేదు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ ఉందిగా అంటారు. దూరపు బండ్లతో, గూడ్సులతో పట్టాలు పంచుకునే లోకల్‌ను నమ్ముకుని ముసలమ్మతో బయలుదేరండి, తెలుస్తుంది.

నాంపల్లి గోడ పగలాలి. ఆబిడ్స్, కోఠీ కింద సొరంగం తవ్వి కాచిగూడలో కలిపితే తాండూరు బండి నాంపల్లిలో చతికిలబడకుండా నేరుగా షాద్‌నగర్, మహబూబ్‌నగర్ పోతుంది. ఖర్చా? బ్రసెల్స్ వాళ్లు ఉత్తర, దక్షిణ స్టేషన్లను 1952లోనే నగరం నడిబొడ్డు కిందనుంచి కలిపారు. లైప్‌జిగ్‌లో 2013లో సొరంగం తెరిచారు. ఎంత లోతు తవ్వాలో, డబ్బు ఎక్కణ్నుంచి తేవాలో ఇంజనీర్లు, మంత్రులు చూసుకుంటారు. జీతాలు తీసుకునేది వాళ్లే కదా.

ఇదంతా చెప్పేసరికి పెద్దమనిషి మజ్జిగ కూడా కానిచ్చి లేచాడు. రాత్రికి ఆయన బండి చర్లపల్లిలోనేనట. ఎలా వెళ్తున్నారని అడిగాను.

"మా అల్లుడు కారులో దింపుతాడండీ."