అడిగిన భాషలో జవాబు

విద్యార్థులారా! హోటల్లో ఇడ్లీ అడిగిన మీకు పూరీ తెచ్చిపెడితే ఊరుకుంటారా? వెబ్ పేజీల విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం. బ్రౌజరు పేజీని కోరేటప్పుడు 'యాక్సెప్ట్-లాంగ్వేజ్' అనే వరుసను కూడా పంపుతుంది. తెలుగుకు 1, ఇంగ్లీషుకు 0.5 అని అందులో మన ఇష్టాలకు మార్కులు ఉంటాయి. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలోనే ఈ ఏర్పాటు ఉంది. 2010లో వచ్చిన ఫ్లాస్క్ అనే చిన్న పైథాన్ చట్రం ఆ మార్కులను చదివిపెడుతుంది. కాని వాటినిబట్టి జవాబును ఎంచవలసింది ప్రోగ్రాము రాసేవారే. అందుకు రెండు మూడు వరుసలు చాలు. చట్రం చిన్నదని ఆ పని వదిలివేయడం తప్పని నా అభిప్రాయం. వదిలివేస్తే, తెలుగు పేజీ సిద్ధంగా ఉన్నా మీకు ఇంగ్లీషు పేజీయే రావచ్చు. రేపు మీరు ప్రోగ్రాము రాసేటప్పుడు ముందు అడిగినవారి కోరిక వినండి, ఆ తరువాతే జవాబివ్వండి.