కఫన్, ఒక ఊరి కథ... మధ్యలో ఒక కోడలు

ముందే చెప్తున్నా, ఇది సినిమా సమీక్ష కాదు. సమీక్ష రాసేంత సినిమా జ్ఞానం నాకు లేదు. పొద్దస్తమానం ఇంకొకళ్లు రాసిన కోడులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా వస్తుంది. పుస్తకం నుంచి తీసిన సినిమా ఏదైనా చూస్తే, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ ఏం మార్చారా అని చూస్తుంటాను. మామూలుగా మార్పులు ముగింపులోనో, పాటల కోసం ఇరికించిన చోటనో దొరుకుతాయి. ఈసారి మాత్రం చుట్టరికాల్లో దొరికింది. అది నన్ను మా ఇంటిదాకా తీసుకెళ్లింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

కథ ప్రేంచంద్ రాసిన 'కఫన్'. అంటే శవం మీద కప్పే గుడ్డ. 1935లో ఉర్దూలో, 1936లో హిందీలో అచ్చయింది. ప్రేంచంద్ పోయింది కూడా ఆ 1936లోనే. సినిమా 1977లో మృణాల్ సేన్ తీసిన 'ఒక ఊరి కథ'. తీసినాయన బెంగాలీ. తండ్రి వేషం వేసింది 'చోమన దుడి'లో నటించిన కన్నడ నటుడు వాసుదేవరావు. కోడలు మమతా శంకర్, ఆమెదీ బెంగాలే. కొడుకు వేషం మన నారాయణరావు. ఇన్ని ఊళ్లవాళ్లు కలిసి ఉత్తరాది కథని తెలంగాణ పల్లెకి తెచ్చారు. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం ఇదే.

కథ చదవని వాళ్ల కోసం రెండు ముక్కలు. చలికాలం రాత్రి. గుడిసె బయట చల్లారిన మంట దగ్గర తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ కూర్చుని ఉంటారు. లోపల మాధవ్ పెళ్లాం బుధియా నొప్పులు పడుతూ అరుస్తుంటుంది. వీళ్లు మాత్రం ఎవరి చేలోంచో తవ్వుకొచ్చిన ఆలుగడ్డలు కాల్చుకు తింటుంటారు. ఒకడు లోపలికి పోతే రెండోవాడు ఎక్కువ తినేస్తాడని ఇద్దరిలో ఎవరూ లేవరు. తెల్లారేసరికి ఆమె చచ్చిపోయి ఉంటుంది, కడుపులో బిడ్డ కూడా. జమీందారు రెండు రూపాయలిస్తాడు, ఊళ్లోవాళ్లు తలా కొంత వేస్తే గంటలో ఐదు రూపాయలవుతాయి. కఫన్ గుడ్డ కొనడానికి బజారుకు పోయినవాళ్లు ఆ డబ్బుతో తాగి, తిని, పాడి, ఆడి పడిపోతారు. అంతే కథ.

ఇందులో చుట్టరికాలు లెక్కపెట్టండి. తండ్రీకొడుకుల బంధం ఒక్కటే నిండుగా ఉంటుంది. అది ప్రేమా అంటే చెప్పలేం, ఆకలి పంచుకున్న దోస్తానా అనొచ్చు. భార్యాభర్తల బంధం ఏడాది వయసుది. ఆ ఏడాదిలో ఆమె పిండి విసిరి, గడ్డి కోసి ఇద్దరి కడుపులూ నింపిందని కథకుడు చెప్తాడు, మనం చూడం. ఇక మామాకోడళ్ల బంధమైతే అసలు లేనట్టే. లోపలికి పోయి చూడకపోవడానికి ఘీసూ చెప్పే సాకు ఏంటంటే, నేనెప్పుడూ ఆమె మొహమే చూడలేదు, ఇప్పుడు ఒంటిమీద గుడ్డ సరిగా లేనప్పుడు ఎట్లా చూసేది అని. మామ ముందు కోడలు కొంగు దించుకునే దేశం అది. ఏడాదిపాటు ఆమె వండింది తిన్నాడు, ఆమె మొహం తెలియదు. పాఠకుడికీ తెలియదు. మనకి బుధియా అంటే గుడిసె లోపల్నుంచి వచ్చే ఒక అరుపు.

ఇప్పుడు దీన్ని తెలంగాణకి తెస్తే ఏమవుతుంది? కూలినాలి చేసుకునే మన ఇళ్లల్లో కోడలు కొంగు చాటున ఉండే పద్ధతి లేదు. మామతో కలిసి నాట్లకూ కోతలకూ పోతుంది, మాటకి మాట అంటుంది. పైగా మన భాషలో మామ అంటే అమ్మ తమ్ముడు కూడా. మేనరికాలున్న చోట కోడలు పరాయి పిల్ల కాకపోవచ్చు. కాబట్టి నీలమ్మని (సినిమాలో కోడలి పేరు) తలుపు వెనక దాచడం కుదరదు. దాచినా మనం నమ్మం.

సేన్ దాచలేదు. కథలో లేని సంసారాన్నంతా తెరమీదకి తెచ్చాడు. కిష్టయ్య పెళ్లి చేసుకుంటానంటే తండ్రి వెంకయ్య ఒప్పుకోడు. అయినా చేసుకుంటాడు. నీలమ్మ వచ్చి ఇల్లు చక్కబెట్టాలని చూస్తుంది, కష్టపడుతుంది, ఈ ఇద్దరినీ మనుషుల్లో కలపాలనుకుంటుంది. వెంకయ్యకి అదే నచ్చదు. ఎందుకంటే ఆయనకో సిద్ధాంతం ఉంది. పనిచేస్తే బాగుపడేది దొర, చేసినవాడు కాదు, కాబట్టి పని చెయ్యకపోవడమే తెలివి. మాట నిజమే కూడా! చిక్కేమిటంటే, ఆ సిద్ధాంతాన్ని పోషిస్తున్నది కోడలి రెక్కలు. దొరకి వెట్టి చెయ్యనన్న మనిషి కోడలి చేత వెట్టి చేయించుకుంటాడు.

పుస్తకంలో ఈ సంగతి లేదా అంటే ఉంది, ఒకట్రెండు వాక్యాల్లో. సినిమాలో మాత్రం మొహం ఉంది. మొహం ఉండటంతో చుట్టరికాలన్నీ మారిపోయాయి. కథలో మాధవ్ తండ్రికి నకలు. సినిమాలో కిష్టయ్యకి అటు తండ్రి, ఇటు పెళ్లాం. అతను ఎటో ఒకవైపు ఉండాలి. ఎటూ ఉండకపోవడం కూడా తండ్రివైపు ఉండటమే అవుతుంది. కథ చదివి నేను ఆ ఇద్దర్నీ చూసి జాలిపడ్డాను, భయపడ్డాను. సినిమా చూసి కిష్టయ్య మీద కోపమొచ్చింది. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత తెలిసింది.

మాది అప్పటి కరీంనగర్ జిల్లా, జగిత్యాల వైపు పల్లె. సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి చెయ్యమని ఊళ్లకి ఊళ్లు కదిలాయి. ఆ ఏడాదే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మా తాత దొర దగ్గర జీతమున్న మనిషి. 'బాంచెన్ కాల్మొక్త' అనడం ఆపేసి, గడీకి వెట్టికి పోవడం మానేసినవాళ్లలో ఆయనొకడు. మా ఇంట్లో ఏ పండగ జరిగినా, ఏ చావు జరిగినా ఈ కథ ఒకసారి చెప్పుకోవాల్సిందే. నాకూ గర్వమే, ఇప్పటికీ.

కానీ ఆ రోజుల్లో తాత పనికి పోకపోతే ఇల్లెట్లా గడిచింది? ఆ కథ ఎవరూ చెప్పరు. నాయినమ్మ బీడీలు చుట్టింది. ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల్లో ఎండాకాలం తునికాకు కోస్తారు కదా, ఆ ఆకుతో. ఒళ్లో చాట, చేతిలో కత్తెర. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. తాత వెంట రాత్రిపూట నలుగురైదుగురు వస్తే చాట పక్కనబెట్టి వాళ్లకి వండేది. వాళ్లు తిని లోకం మారడం గురించి మాట్లాడుకుంటే, ఆమె దీపం దగ్గర మళ్లీ బీడీలు చుట్టేది. కొడుకు, అంటే మా బాపు, తాతవైపే. ఇంటికొచ్చిన కోడలు, అంటే మా అవ్వ, వచ్చిన నెలకే రెండో చాట పట్టింది.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "నాయినమ్మా, నువ్వు గూడ సంఘంల ఉన్నవా?" అని.

"సంఘపోళ్లకు వండింది ఎవరు బిడ్డా?" అంది. అంతే, కత్తెర ఆపలేదు.

తాతని వెంకయ్యతో పోల్చడం నా ఉద్దేశం కాదు. తాత సోమరి కాదు, ఆయన చేసింది నిజమైన పోరాటం. నేను చెప్పేది వేరే. గడీ ముందు తల ఎత్తిన మనిషి, ఇంట్లో ఎవరి నడుం వంగుతోందో చూడలేదు. నేనూ చూడలేదు. సినిమా చూసిన రాత్రిదాకా నాయినమ్మ నా దృష్టిలో 'తాత కథ'లో ఒక పాత్ర, వెనక వినబడే కత్తెర చప్పుడు. బుధియా అరుపులాగే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. నా మిత్రుడొకడు వెంటనే అన్నాడు, "కోడలికి మొహం ఇచ్చేసరికి తప్పంతా మామ మీదకి, మొగుడి మీదకి పోయింది. జమీందారు తప్పించుకున్నాడు. ప్రేంచంద్ తిట్టింది వ్యవస్థని, నీ సినిమా ఇంటి గొడవ చేసింది" అని. కొంత నిజం. బతికుండగా మంత్రసానికి పైసా ఇవ్వని ఊరు, చచ్చాక గుడ్డకి ఐదు రూపాయలివ్వడం... ఆ చురక కథలో తగిలినట్టు సినిమాలో నాకు తగల్లేదు. ఇంకో మాట కూడా ఉంది. నిమ్న కులపు తండ్రీకొడుకుల్ని ఇంత మొద్దుబారిన మనుషులుగా చూపించారని దళిత రచయితలు ఈ కథని తప్పుపట్టారు. అది కొట్టిపారేసే మాట కాదు. వెంకయ్య పని మానడానికి సినిమా ఇచ్చినంత కారణం కథ ఇచ్చి ఉంటే ఆ విమర్శ కొంత తగ్గేదేమో.

అయితే వ్యవస్థ అనేది గడీ దగ్గరే ఆగిపోతుందని నేననుకోను. గడీలో నేర్చుకున్నదే గుడిసెలోకీ వస్తుంది. పైవాడు నీకు చేసింది నువ్వు కిందివాళ్లకి చేస్తావు, గుడిసెలో అందరికంటే కింద ఉండేది కోడలు. సినిమా దొరని వదిలేసిందనిపించలేదు నాకు, దొరతనం ఎంత లోపలిదాకా వచ్చిందో చూపించిందనిపించింది.

ఇదంతా మా ఆవిడకి చెప్తుంటే మధ్యలో లేచి వెళ్లి రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. ఆవిడా నాలాగే ఉద్యోగం చేసి అప్పుడే ఇంటికొచ్చింది. "మంచిగ చెప్తున్నవ్ గని, ఈ చాయ్ ఎవరు పెట్టిండ్రు?" అంది. నా దగ్గర జవాబు లేదు. గ్లాసులు మాత్రం నేనే కడిగాను, అదేదో ఘనకార్యమని కాదు.

మరుసటి రోజు ఊరికి ఫోన్ చేసి అవ్వని అడిగాను, నాయినమ్మ రోజుకి ఎన్ని బీడీలు చుట్టేదని. "ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా నీకు?" అని నవ్వి, గంటసేపు మాట్లాడింది. అదంతా రాసి పెట్టుకున్నాను. ఈసారి ఇంట్లో తాత కథ మొదలైతే, పక్కనే ఇది కూడా చెప్పాలి.

వీలైతే రెండూ చూడండి. కథ ముందు చదివి, తర్వాత సినిమా చూస్తే మంచిది. మొహం లేని మనిషికి మొహం వచ్చినప్పుడు మీకెవరు గుర్తొస్తారో చూసుకోండి.