శ్రీహరికోట ఖాళీ దీవి కాదు

రాకెట్లు రాకముందు శ్రీహరికోట ఎవరూ లేని ఇసుకదిబ్బ అనీ, అంతరిక్ష కేంద్రం వచ్చాకే దానికి బతుకొచ్చిందనీ మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. ప్రయోగం జరిగిన ప్రతిసారీ ఈ మాట మళ్లీ వినబడుతుంది. ఇది పచ్చి అబద్ధం. దానివల్ల నష్టపోయినవాళ్లు ఇంకా పులికాటు సరస్సు ఒడ్డునే ఉన్నారు.

సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ పొడుగ్గా సాగిన ఆ దీవిలో తరతరాలుగా యానాది గిరిజనులు బతికారు. తేనె, ముష్టి గింజలు, కుంకుడుకాయలు, సుగంధిపాల వేళ్లు, బట్టలకు ఎర్రరంగు వేసే చిరివేరు, అన్నీ ఆ అడవిలోవే. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ వేరు ఏ నెలలో తవ్వాలో వాళ్లకు తెలుసు. 19వ శతాబ్దంలో దీవి దొరల ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ సరుకు సర్కారుకు పోసి, బదులుగా ధాన్యం, బట్టలు తీసుకునేవారు. దీవిలో కొట్టిన కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసుకు చేరేవి. ఒక మహానగరానికి వంటచెరకు పంపిన నేల పనికిరానిది ఎట్లా అవుతుంది?

1969లో అంతరిక్ష కేంద్రానికి ఈ చోటును ఎంచుకోవడానికి గట్టి కారణాలున్నాయి. తూర్పున సముద్రం, భూమధ్యరేఖ కూడా మరీ దూరం కాదు. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు భూభ్రమణ వేగం కలిసొస్తుంది, పడిపోయినా ఊళ్ల మీద పడదు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 రాకెట్ ఇక్కడి నుంచే ఎగిరింది. ఆ ఎంపికను నేను తప్పుపట్టను. చంద్రయాన్ మన జిల్లా నేల మీది నుంచి లేచిందంటే నాకూ గర్వమే. నా తగాదా ‘ఖాళీ’ అన్న మాటతోనే. ఖాళీ నేలకు ఎవరూ బాకీ ఉండరు. పట్టా ఉన్నవాడి ఎకరాలు పరిహారం లెక్కకొస్తాయి. అడవినే నమ్ముకున్నవాడికి చూపించడానికి కాగితం ఏముంటుంది?

ఉద్యోగాలొచ్చాయి, సూళ్లూరుపేట పెరిగింది కదా అంటారు. పెరిగింది, నిజమే. ఇంజనీరు కొలువులకు దేశమంతటి నుంచీ పోటీపడి వస్తారు, అది సబబే. కానీ కేంద్రం కోసం దీవి వదిలిన కుటుంబాలకు ఎక్కువగా దక్కింది కూలిపని.

మిగిలిన ఆధారం సరస్సు. మోకాటిలోతు బురదనీటిలో వంగి, చేతులతో తడిమి రొయ్యను పట్టి తాటాకు బుట్టలో వేసుకునే యానాది ఆడవాళ్లను చూసినవారికి ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. వలా పడవా లేనివాళ్ల వేట అది. రాయదొరువు దగ్గర సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు లోపలికి రాదు, నీటితోపాటు రావలసిన రొయ్యపిల్లా రాదు. పైగా రాకెట్ ప్రయోగం రోజున సముద్రంలోకి పోవద్దని జాలర్లకు ఆంక్షలు. ఆ రోజు కూలి ఎవరిస్తారు?

సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండగ చేస్తున్నాం. పక్షుల కోసం వేదిక కట్టే ప్రభుత్వం అదే సరస్సు మీద బతికే మనుషుల మాట కూడా వినాలి. రాయదొరువు పూడిక ఎప్పటికప్పుడు తీయాలి. ప్రయోగాల రోజుల్లో పోయిన వేటకు డబ్బు లెక్కగట్టి ఇవ్వాలి. పులికాటులో యానాదుల వేట హక్కును కాగితం మీద రాసివ్వాలి. ఈసారి ఆ వేదిక ఎక్కే మంత్రులను సూళ్లూరుపేట, తడ మండలాల జనం ఈ మూడూ నిలదీసి అడగాలి.