గుట్టల్లో భాస్వరం, క్యూలో రైతు

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఎరువుల విషయంలో అక్షరాలా నిజమవుతున్నది. అదను దాటిపోతుందన్న ఆదుర్దాతో రైతు డి.ఎ.పి. బస్తా కోసం సొసైటీ గోదాము ముందు పడిగాపులు పడటం ఏటా చూస్తున్నదే. ఆ బస్తాలోని భాస్వరంలో ఎక్కువ భాగం మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి రాయిగానో, ఆమ్లంగానో, తయారైన ఎరువుగానో ఓడల్లో దిగుతున్నది. 2021లో చైనా తన ఎగుమతులకు అడ్డుకట్ట వేసింది. ఆ ఏడు రబీలో మన దేశంలో పలుచోట్ల డి.ఎ.పి.కి కటకట ఏర్పడింది. ఇంతటి పరాధీనతలో ఉండి కూడా, మన గనుల దగ్గర భాస్వరాన్ని చెత్తతో పాటు పారవేయడం విచారకరం.

నత్రజని సంగతి వేరు. దానిని గాలి నుంచి తీసి యూరియా చేయవచ్చు. భాస్వరం రాతి నుంచే రావాలి. దానికి బదులు మరొకటి లేదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ సమీపాన ఝామర్‌కోట్రాలో 1968లో ఫాస్ఫేట్ రాయి బయటపడింది. నూటికి 30 పాళ్లు మించిన మేలురకం రాయి ఎరువుల ఫ్యాక్టరీలకు పోగా, నాసిరకం రాయి ఏళ్ల తరబడి గుట్టలుగా పడి ఉంది. 1990ల నాటికి గాని ఆ రాయిని శుద్ధిచేసే కర్మాగారం నడవలేదు. రాయిని పిండి చేసి, నీటిలో కలిపి, మందు వేసి గాలి బుడగలు పంపుతారు. ఒక ఖనిజం నురగతో పైకి తేలుతుంది, మరొకటి అడుగున నిలుస్తుంది. పారవేసిన రాయి పనికొచ్చే సరుకైంది. అయినా మిగిలిన బురదతో పాటు కొంత భాస్వరం ఇప్పటికీ చెరువుల్లోకి పోతూనే ఉంది.

స్వీడన్ ఉత్తరాన కిరునా ఇనుప గనుల్లోనూ ఇదే కథ. అక్కడి ముడి ఇనుములో భాస్వరం గల అపటైట్ ఖనిజం కలిసి ఉంటుంది. ఇనుము తీసుకొని దానిని దశాబ్దాలుగా వ్యర్థంలో కలిపేశారు. ఇప్పుడు ఆ వ్యర్థం నుంచే ఎరువుకు భాస్వరాన్ని, దానితో పాటు విలువైన అరుదైన లోహాలను తీసే ప్రయత్నం సాగుతున్నది. అక్కడ చేయదలచిన పని ఇక్కడ చేయరాదా?

అలాగని గని బురదను బండ్లకెత్తి పొలంలో పోయమని కాదు. రాతి పొడి పుల్ల నేలల్లోనే కరుగుతుంది. నల్లరేగడి, సున్నపు నేలల్లో చల్లితే డబ్బు దండుగ. మెత్తగా నూరి పశువుల పేడతో మాగబెడితే సూక్ష్మజీవుల ఆమ్లాలు కొంత కరిగిస్తాయి. ‘ప్రామ్’ అనే ఈ ఎరువును ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చి, అందులో ఫాస్ఫేటు కనీసం 10.4 శాతం ఉండాలని నిర్ణయించింది. నియమం కాగితం మీద ఉంటే చాలదు. బస్తాలో మట్టి నింపి ముద్ర వేసి అమ్మేవారికి కొదవ లేదు.

కనుక ప్రభుత్వం గనుల వ్యర్థంలో భాస్వరమెంత, కాడ్మియం వంటి విషలోహాలెంత అన్నది పరీక్షించి, ఆ లెక్కలు బహిరంగం చేయాలి. తీయదగినచోట తీయించాలి. వ్యవసాయ శాఖ ఊరూరా ప్రదర్శన మడులు వేసి, ఏ నేలలో ఎంత ఫలితమో రైతు కళ్లకు చూపాలి. రైతులు సైతం భూసార పరీక్ష చేయించుకోవాలి. ఏళ్లుగా డి.ఎ.పి. వేసిన పొలాల్లో భాస్వరం పేరుకుపోయి ఉండవచ్చు. అక్కడ మరో బస్తా అక్కరే లేకపోవచ్చు.

ఓడ రాకుంటే నారు ఆగదు, అదను ఆగదు. చేతిలో ఉన్నదాన్ని పారబోసుకుని పరాయి రేవుల వైపు చూడటం ఇకనైనా మానుకోవాలి.