బీడీ తాగుతూ బిళ్ళ మింగితే…

తుప్పు అంటే ఏమిటో ఆటోనగర్ వారికి మేము చెప్పనక్కరలేదు. లారీ బాడీకి రెడ్ ఆక్సైడ్ పూయకుండా వదిలేస్తే రేకు తినేస్తుంది. తేమతో కలిసి ఆ పని చేసేది గాలిలోని ఆక్సిజనే. మనం బ్రతికేదీ దానితోనే.

మనం పీల్చే ఆక్సిజన్‌లో చాలావరకు కణాలలో శక్తినిచ్చి నీరుగా మారుతుంది. కొద్దిపాటి మాత్రం సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి దుడుకు రూపాలు దాల్చి కణాలను దెబ్బతీస్తుంది. అయితే దేవుడు మన శరీరాన్ని కాపలా లేకుండా వదలలేదు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దీని పనిని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. ఆ పెరాక్సైడ్‌ను కెటలేజ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస నురగ వచ్చేది ఇందుకే. పైగా మన తెల్ల రక్తకణాలు క్రిములను చంపేదీ ఈ దుడుకు రూపాలతోనే. హద్దు మీరితేనే వాటితో హాని.

హద్దు మీరేటట్లు చేసేవి బీడీ పొగ, వెల్డింగ్ పొగ, డీజిల్ పొగ. "బీడీ మానలేనమ్మా, అందుకే యాంటీఆక్సిడెంట్ బిళ్ళలు వేసుకుంటున్నా" అని ఓపీలో కొందరు మాతో అంటుంటారు. ఈ నమ్మకం ప్రమాదకరమని మా అభిప్రాయం. ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగ తాగే పురుషులపై జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ బిళ్ళలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. అమెరికాలో పొగ తాగేవారికి, ఆస్బెస్టాస్ ధూళిలో పనిచేసినవారికి బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇస్తే, క్యాన్సర్ 28 శాతం పెరిగింది. 1996లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపివేశారు.

కనుక సొంతంగా కొనే బిళ్ళల డబ్బు జామకాయలకు, ఉసిరికాయలకు, మునగాకుకు, గోంగూరకు పెట్టండి. డాక్టరు రాసిన మందులు మాత్రం మానవద్దు. బీడీ మానడానికి సాయం కావాలంటే 1800 112 356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. షెడ్డు యజమానులకు కూడా ఒక మనవి. ముఖానికి కట్టిన చేతిరుమాలు వెల్డింగ్ పొగను ఆపదు. పొగ బయటికి పోయే ఫ్యాను, సరైన మాస్కు ఇప్పించండి. రేకుకు ప్రైమర్ పూయడం మరచిపోని మనం, మనిషి ఊపిరితిత్తులను మరచిపోవడం న్యాయం కాదు.