ఆ పదిహేను నిమిషాలు ఎవరివి?

నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే గొడవ. గొడవంటే పెద్దదేం కాదులెండి, పప్పన్నం దగ్గర మొదలై మజ్జిగన్నం దగ్గర ఆగిపోయే రకం. రాజమండ్రి నుంచి రావులపాలెం స్కూటీ మీద వెళ్లాలంటే హైవే మంచిదా, గట్టు రోడ్డు మంచిదా అని. మా వారిది హైవే పార్టీ, నాది గట్టు పార్టీ. మా అమ్మాయి మొన్నటిదాకా ఏ పార్టీ కాదు. లైసెన్సు చేతికొచ్చాక ఇద్దరినీ ప్రశ్నలడగడం మొదలెట్టింది.

అసలు సంగతి చెప్తాను. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ రావులపాలెంలోనే ఉంటానంటుంది, ఆ ఇల్లు వదిలి రానంటుంది. అందుకని ప్రతి గురువారం నేనే వెళ్తాను. క్యారేజీలో రెండు కూరలు, ఒక పచ్చడి పట్టుకెళ్తాను. అమ్మ వండుకోలేక కాదు, తన ఒక్కదాని కోసం వండుకోదు. అన్నంలో ఇంత ఆవకాయ కలుపుకుని సరిపెట్టేసుకుంటుంది. ఎదురుగా కూర్చుని నేను తింటే తనూ తింటుంది. పిల్లల్ని పంపి తొమ్మిదింటికి బయల్దేరి, రెండింటికల్లా తిరుగుముఖం పడితే మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను.

మొదట్లో హైవే మీదే వెళ్లేదాన్ని. మోరంపూడి దాటి వేమగిరి, కడియపులంక, జొన్నాడ, ఆ తర్వాత గౌతమి మీద వంతెన, అది దిగితే రావులపాలెం. నున్నటి రోడ్డు. ద్విచక్ర వాహనాలకి టోల్ కూడా లేదు. ముప్పావు గంటలో అమ్మ గుమ్మంలో ఉండేదాన్ని. మా వారు గొప్పగా చెప్పేవారు, "మా ఆవిడ హైవే మీద కూడా నడిపేస్తుంది" అని. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి?

రెండేళ్ల క్రితం డిసెంబరులో ఒకరోజు వంతెన మీద ఉన్నాను. వెనక నుంచి కంటైనర్ లారీ వచ్చింది. హారన్ కొట్టింది, తన వరసలో తను వెళ్లింది, నన్ను తాకనైనా లేదు. కానీ అది పక్క నుంచి పోయేటప్పుడు గాలి ముందు నన్ను అవతలికి తోసి, ఆ వెంటనే లారీ వైపుకి లాగింది. హ్యాండిల్ నా చేతుల్లో లేదు. ఒక్క రెండు సెకన్లు. అంతే. వంతెన దిగాక బండి ఆపుకుని చూస్తే కాళ్ల దగ్గర పెట్టిన క్యారేజీ మూత ఊడి పులుసంతా చెప్పుల మీద ఉంది. దాన్ని తుడుచుకుంటూ పావుగంట అక్కడే నిలబడ్డాను. పులుసు తుడవడానికి అంతసేపు పట్టదని మీకూ తెలుసు.

ఆ రాత్రి మా వారు, "ఎడమ పక్కకి ఉండాలి నువ్వు" అన్నారు. ఎడమ పక్కకే ఉన్నాను మరి! ఆ ఎడమ పక్కన ఏముంటుందో కార్లో వెళ్లేవాళ్లకి తెలీదు. టైరు మార్చుకుంటూ ఆగిన లారీ ఉంటుంది. ఇసక ఉంటుంది. కడియపులంక దగ్గరైతే మోపెడ్ నిండా మొక్కలు కట్టుకుని ఎదురు దిశలో వచ్చే నర్సరీ మనిషి ఉంటాడు. రాంగ్ రూట్లో వస్తున్నాడని అందరూ తిడతారు, నేనూ తిట్టాను. తర్వాత ఆలోచిస్తే, రోడ్డుకి ఇటు నర్సరీ, అటు ఇల్లు, డివైడర్‌లో సందేమో ఎక్కడో దూరంగా. రోజుకి నాలుగుసార్లు తిరిగేవాడు ప్రతిసారీ అంత దూరం వెళ్లి మళ్లుతాడా? వేసినవాళ్లు ఆ రోడ్డు రాజమండ్రిలో ఎక్కి రావులపాలెంలో దిగేవాళ్ల కోసమైనా వేయలేదు, ఇంకా దూరం పోయే లారీల కోసం వేశారు. మధ్యలో ఉన్నవాళ్లం అడ్డంపడుతున్నాం.

గట్టు రోడ్డుకి మారింది అప్పుడే. ధవళేశ్వరం వెళ్లి, బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక దాటి, బొబ్బర్లంకలో గట్టు ఎక్కితే ఇక కాలువ వెంబడే లొల్ల లాకుల మీదుగా రావులపాలెం దాకా. పక్కనే నీళ్లు, కొబ్బరి చెట్లు, అరటి గెలలు కట్టిన సైకిళ్లు. సినిమాలవాళ్లు కెమెరాలు పట్టుకుని వచ్చే దారి అది. గంట పడుతుంది, అంటే పదిహేను నిమిషాలు ఎక్కువ.

అందంగా ఉందని అటు వెళ్తున్నాననుకోకండి. అందం సంగతి మొదటి రెండు గురువారాలే, ఆ తర్వాత కళ్లన్నీ గోతుల మీదే ఉంటాయి. నా లెక్క వేరు. హైవే మీద నేను యాభైలో వెళ్తుంటే లారీ ఎనభైలో, కారు వందలో వస్తాయి. అవి తప్పు చేయక్కర్లేదు, చట్టమిచ్చిన వేగంలోనే ఉంటాయి. గట్టు మీద అందరం ముప్పై, నలభై. నేను బ్రేకేస్తే వెనకవాడికి బ్రేకేసే టైముంటుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలని మా అమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. పైగా మన బళ్లకి చక్రాలు పది, పన్నెండు అంగుళాలు. మగపిల్లల మోటార్‌సైకిళ్లకి పదిహేడు, పద్దెనిమిది. వాళ్లు గమనించని చిన్న గుంత మన హ్యాండిల్‌ని తిప్పేస్తుంది. అదే గుంత ముప్పైలో తగిలితే నడుం నొప్పి, అరవైలో తగిలితే చెప్పక్కర్లేదు.

మా వారు ఊరుకుంటారా? లెక్కలు తీశారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చినవే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీద. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో ఈ రహదారులు 2 శాతమే. "చూశారా!" అన్నాను. "ఆగు, దేశంలో తిరిగే బళ్ల రద్దీలో 40 శాతం ఆ రెండు శాతం మీదే కదా, మరి?" అన్నారు. ఆ మాట కాదనలేను. కానీ అదే పుస్తకంలో ఇంకో ముక్కుంది. పోయినవాళ్లలో ప్రతి వందమందిలో 44 మంది ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్లే. హైవే సురక్షితమా కాదా అని కాదు నేనడిగేది, ఎవరికి సురక్షితం అని. ఈయన వెళ్లేది కార్లో.

అలాగని గట్టు రోడ్డుని నెత్తిన పెట్టుకోను. సార్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ గింజల మీద బ్రేకేస్తే బండి నిలబడదు. బరకాలు ఎగరకుండా రాళ్లు పెడతారు, ధాన్యం ఎత్తుకెళ్లాక రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. గేదెలొస్తాయి, గడ్డి ట్రాక్టర్లు దారంతా ఆక్రమించుకుని వస్తాయి. కాలువ వైపు చాలా చోట్ల రక్షణ గోడ లేదు. మలుపులో ఎదురొచ్చే ఆటోకి దారివ్వబోయి నీళ్ల అంచుకి వెళ్లిన రోజు నాకూ ఒకటుంది. అది మా వారికి ఇప్పటిదాకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

మా అమ్మాయి అడిగింది వీటి గురించి కాదు. "అమ్మా, సాయంత్రం ఆరున్నరకి ఆ గట్టు మీద నా బండి ఆగిపోతే?" అంది. నా దగ్గర జవాబు లేదు. హైవే మీదైతే 1033కి ఫోన్ చేయొచ్చు, పెట్రోలు బంకు లైట్లు కనిపిస్తాయి, పదిమంది తిరుగుతుంటారు. గట్టు మీద చీకటి పడ్డాక కప్పలు తప్ప పలికేవాళ్లుండరు. ఆడపిల్లకి నిర్మానుష్యమైన రోడ్డూ భయమే, లారీల రోడ్డూ భయమే. ఇక్కడే మా వారు గెలిచాననుకున్నారు.

ఆ రోజంతా ఆలోచించాను. ఆరున్నరకి ఆ పిల్ల రోడ్డు మీద ఎందుకుండాలి? అమ్మమ్మ దగ్గర పడుకుని పొద్దున్నే రావచ్చుగా? నేనెందుకు ఇన్నాళ్లూ ఒక్కసారైనా పడుకోలేదు? ఎందుకంటే నాలుగింటికి ఇంట్లో ఉండాలి. అబ్బాయికి తలుపు తీయాలి. ఈయనకి ఆరింటికి టీ ఇవ్వాలి. ఈ గంటలు నేను పెట్టుకున్నవి కావు. అమ్మ దగ్గర ఇంకో పావుగంట కూర్చోవాలని ఉండి కూర్చున్న రోజున, ఆ పావుగంటని నేను హైవే మీద తీర్చేదాన్ని. పులుసు ఒలికిన రోజు కూడా అదే జరిగింది. ముందు గురువారం అమ్మకి ఒంట్లో బాగాలేక ఆలస్యంగా ఇల్లు చేరితే, టీ దగ్గర ఒక మాట పడింది. అందుకని ఆ వారం వెళ్లేటప్పుడే తొందరపడ్డాను.

నా పక్క వీధిలో ఉన్నావిడా అంతే, మా తోడికోడలూ అంతే. మనం హైవే ఎక్కేది ధైర్యం ఎక్కువై కాదు, టైము తక్కువై. దారి ఎంచుకునే ముందు ఇంట్లో ఒక ప్రశ్న అడగాలని నా అభిప్రాయం: ఆ పదిహేను నిమిషాలు ఎవరి కోసం మిగులుస్తున్నాం? నా కోసమైతే నాకక్కర్లేదు. టీ కోసమైతే, పొయ్యి వెలిగించడం ఈయనకి ఇరవై రెండేళ్లుగా రాదనుకోను.

ఇదే చెప్పాను. మజ్జిగ దాకా రాకుండా, పప్పు దగ్గరే చెప్పాను. ఈయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అబ్బాయికి ఇంకో తాళంచెవి చేయించాలి" అన్నారు. మర్నాడు చేయించారు కూడా.

ఇప్పుడు మా ఇంటి ఏర్పాటు ఇదీ. పగలైతే గట్టు. నాలుగు దాటితే ఏ రోడ్డూ లేదు, అమ్మ దగ్గరే పడక. వానపడితే, గోదారికి వరదొస్తే ప్రయాణమే లేదు, ఫోన్లో పలకరింపు. కోతల రోజుల్లో బస్సు. బస్సు నాకిష్టం లేదు, అయినా ధాన్యం రైతుది, రోడ్డు మీద పోసుకోక వాళ్లకి మాత్రం ఇంకెక్కడుంది కళ్లం?

పోయిన శనివారం మా అమ్మాయి మొదటిసారి ఒక్కతే వెళ్లింది. అమ్మమ్మ దగ్గర పడుకుని ఆదివారం పదకొండింటికి వచ్చింది. గంట ప్రయాణానికి గంటా ముప్పావు పట్టింది. లొల్ల లాకుల దగ్గర ఎవరో షూటింగ్ తీస్తుంటే నిలబడి చూసిందట. అమ్మ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఇచ్చి పంపింది. మూత తీస్తే సగం పొడిపొడి.

"ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గరో ఎగిరిపడింది" అంది నవ్వుతూ.

మా వారు ఆ పొడిని అరచేతిలో పోసుకుని తింటూ, "హైవే మీదొస్తే విరిగేవి కావు" అన్నారు.